స్క్రీన్ సంగతి కూడా చెప్పి అమ్మండి: ల్యాప్‌టాప్ దుకాణదారులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ల్యాప్‌టాప్‌లు అమ్మేవారికి, బాగుచేసేవారికి నమస్కారం.

నేను శ్రీకాకుళంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. రెండు జిల్లాల స్టూడియోల నుంచీ నాకు ఫొటోలు వస్తాయి. మీరు అమ్మిన మెషిన్ల మీదే ఇక్కడి డిజైనర్లు, ఫొటోగ్రాఫర్లు, వీడియో ఎడిటర్లు బతుకుతున్నారు. అందుకే ఈ లేఖ కంపెనీలకు కాకుండా ముందు మీకే రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ గురించి చెప్పినట్టే, స్క్రీన్‌లో ఏ ప్యానెల్ ఉందో, అది ఎంత రంగు చూపగలదో, దాని వెనక వెలుగు ఎలాంటిదో కూడా చెప్పి అమ్మండి. ధర చీటీ మీదే రాసి పెట్టండి.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా ల్యాప్‌టాప్ పక్కన ఉండే చీటీ ఒకేలా ఉంటోంది. ప్రాసెసర్ పేరు, అది ఎన్నో తరం, ర్యామ్, స్టోరేజీ, విండోస్, ధర. స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి ‘15.6 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ’ అని ఒక్క ముక్క. తెర ఎంత పెద్దదో, దాని మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉన్నాయనీ అది చెబుతుంది. ఆ చుక్కలు పండు మిరప ఎరుపు చూపిస్తాయా, వెలిసిపోయిన ఇటుక రంగు చూపిస్తాయా అన్నది అందులో లేదు. 40 వేల మెషిన్‌కీ 80 వేల మెషిన్‌కీ అదే ముక్క.

దీనివల్ల ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. విజయనగరం జిల్లాలో చిన్న స్టూడియో నడుపుతున్న కుర్రాడొకడు అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. ప్రాసెసర్ మంచిది, గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంది, ఎంత పెద్ద ఫైలైనా ఇట్టే తెరుచుకునేది. పెళ్లి ఫొటోలు ఎక్కించి చూస్తే పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర చప్పగా కనిపించింది. అందరూ చేసేదే అతనూ చేశాడు, రంగు పెంచాడు. ముఖాలు నీలంగా పాలిపోయినట్టున్నాయని కాస్త పసుపు కలిపాడు. తెర మీద అంతా బాగుంది. ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చాక చూస్తే చీర ఎర్రటి ముద్దలా ఉంది. మడతలు లేవు, నేత కనపడదు, జరీ ఎరుపులో కలిసిపోయింది. ముఖాలన్నీ నలుగు పెట్టి కడగడం మరిచిపోయినట్టున్నాయి. పెళ్లికూతురి తల్లి ఆల్బమ్ చూసి, “ఏటి బాబూ, మేం కొన్న చీర ఇదేనా?” అంది. అతను ల్యాబ్‌ను అనుమానించాడు. మళ్లీ ప్రింట్ వేయించాడు. అదే రంగు. రెండో ప్రింట్ డబ్బులు అతని చేతి నుంచే పోయాయి.

ల్యాబ్ తప్పేమీ లేదు. ఫైలులో ఏముందో అదే అచ్చు వేసింది. ఆ ఫైలులో ఏముందో ఆ కుర్రాడికి చూపించలేకపోయింది తెర. అది ఎన్‌టీఎస్‌సీ 45 శాతం ప్యానెల్. కొనేటప్పుడు ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. అడగాలని అతనికి తెలియదు కూడా.

ఆ 45 శాతం అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పనివ్వండి, రేపు మీ దుకాణంలో ఎవరైనా అడిగితే మీరు చెప్పగలగాలి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి కంప్యూటర్ తెరల కోసం ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణం తెచ్చాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. కెమెరా ఇచ్చే జేపెగ్‌లు, ఇంటర్నెట్‌లోని బొమ్మలు, ఆల్బమ్ ల్యాబ్‌లు తీసుకునే ఫైళ్లు చాలామటుకు దీని ప్రకారమే ఉంటాయి. ప్యానెల్ తయారీదారులు మాత్రం ఇప్పటికీ 1953 నాటి అమెరికా కలర్ టీవీ ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీతో పోల్చి శాతం చెబుతుంటారు. ఆ లెక్కలో 72 శాతం ఉంటే వైశాల్యంలో దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంత ఉన్నట్టు. 45 శాతం ఉంటే ఎస్‌ఆర్‌జీబీలో 63 శాతం దగ్గరే ఆగిపోయినట్టు. ఫొటోలో ఉండగల రంగుల్లో మూడో వంతుకు పైగా ఆ తెర మీదికి రానే రావు. ఆ పోయేవి మామూలు రంగులు కావు. గాఢమైన ఎరుపు, చిక్కటి ఆకుపచ్చ, బంతిపూల నారింజ. మన పెళ్లి పందిట్లో ఎటు చూసినా ఉండేవి అవే.

ఎందుకిలా అవుతుందంటే, ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. వెనక తెల్లటి ఎల్‌ఈడీలు వెలుగుతాయి. ఆ వెలుగు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా వచ్చి రంగుగా మన కంటికి చేరుతుంది. చవక ప్యానెల్‌లో ఆ తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలం ఎల్‌ఈడీయే, పైన పసుపు వెలుగిచ్చే ఫాస్ఫర్ అనే పదార్థం పూత ఉంటుంది. నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా అనిపిస్తాయి గానీ ఆ వెలుగులో గాఢమైన ఎరుపు తక్కువ. దానికి తోడు, తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు బయటికి రావాలని ఫిల్టర్లను పల్చగా ఉంచుతారు. పెద్ద కళ్ల జల్లెడలోంచి బియ్యంతో పాటు వడ్లూ జారినట్టు, పల్చటి ఫిల్టర్‌లోంచి పక్క రంగులు కూడా చొరబడతాయి. ఎరుపులో ఆకుపచ్చ కలిసి ఇటుక రంగవుతుంది. మెరుగైన ప్యానెల్‌లో ఎరుపుకు, ఆకుపచ్చకు మంచి ఫాస్ఫర్లు వాడతారు, ఫిల్టర్లు చిక్కగా ఉంటాయి. ధరలో తేడా వచ్చేది అక్కడే. ఆ తేడా దాచుకోవాల్సినది కాదు. చెబితే కొనేవాడు ఇష్టపడి మరీ ఇస్తాడు.

“కెలిబ్రేషన్ చేయిస్తే సరిపోతుంది కదా” అన్న మాట దుకాణాల్లో తరచూ వింటున్నాను. తెర మీద కెలిబ్రేటర్ అనే రంగులు కొలిచే పరికరం పెట్టి, డిస్‌ప్లేక్యాల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలిస్తే తెలుపు నీలం వైపు ఒరిగిందా, పసుపు వైపు ఒరిగిందా తెలుస్తుంది. తెలుపును 6500 కెల్విన్ దగ్గరికి, నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు ఎలా పెరగాలో చెప్పే గామాను 2.2 దగ్గరికి తేవచ్చు. ఇది చాలా మేలు చేసే పని, ప్రతి స్టూడియో చేయించుకోవాలి. కానీ తెరలో లేని ఎరుపును కెలిబ్రేటర్ పుట్టించలేదు. 45 శాతం ప్యానెల్ కెలిబ్రేషన్ తర్వాత కూడా 45 శాతమే. డబ్బులు పెట్టి కెలిబ్రేషన్ చేయించుకున్నాక ఈ సంగతి తెలిసిన వాళ్ల బాధ చూశాను కాబట్టి చెబుతున్నాను, అలా భరోసా ఇవ్వకండి.

అలాగని రంగులు ఎక్కువ చూపించే ప్రతి తెరా మంచి తెర కాదు. ఇప్పుడు ఓఎల్‌ఈడీ ల్యాప్‌టాప్‌లు మన ఊళ్లలోనూ అమ్ముతున్నారు. వాటి నలుపు నిజమైన నలుపు, ఎందుకంటే ఒక్కో చుక్కా తనే వెలిగి తనే ఆరిపోతుంది, వెనక లైటు ఉండదు. చాలావాటి రంగుల పరిధి ఎస్‌ఆర్‌జీబీని దాటి సినిమా ప్రమాణమైన డీసీఐ-పీ3 దాకా వెళుతుంది. కొనేవాళ్లు చూడగానే పడిపోతారు. చిక్కు ఏమిటంటే, తెరను ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో పెట్టకుండా, ఫైలు రంగులు ఏ ప్రమాణంలో ఉన్నాయో చెప్పే కలర్ ప్రొఫైల్‌ను పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో మామూలు ఫొటో తెరిస్తే అన్నీ అవసరానికి మించి మెరుస్తాయి. ఎడిటర్ ఆ మెరుపు తగ్గిస్తాడు. ప్రింట్ చప్పబడుతుంది. ఆ కుర్రాడికి జరిగినదానికి ఇది తలకిందులు, నష్టం మాత్రం ఒకటే. అందుకే రంగుల పరిధి ఎంత అని చెప్పడంతో ఆగకుండా, ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందో లేదో కూడా చెప్పాలి. రంగు ఎంత తప్పుతోందో డెల్టా ఈ అనే అంకెతో కొలుస్తారు. అది 2 లోపు ఉంటే ఫొటో పనికి నిశ్చింతగా వాడుకోవచ్చు. కొన్ని కంపెనీలు ఆ అంకెను వివరాల్లోనే ఇస్తున్నాయి. ఉన్నప్పుడు దాన్ని చీటీ మీదికి ఎక్కించడానికి అడ్డేమిటి?

పెళ్లి ఆల్బమ్‌ల వాళ్ల గొడవే కదా ఇది అనుకోకండి. పొందూరు ఖద్దరు చూడండి. కొండపత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేసి, చేత్తో వడికి, మగ్గం మీద నేసిన గుడ్డ అది. రంగు వేయని ఆ బట్టకు ఉండే మెత్తటి ఛాయ మిల్లు గుడ్డ తెలుపు కాదు. ఇప్పుడు దాన్ని వాట్సాప్‌లో, వెబ్‌సైట్లలో ఫొటో పెట్టి అమ్ముతున్నారు. నీలం వైపు ఒరిగిన చవక తెర మీద ఆ ఛాయ కనపడదు. తెర చూసి ఫొటో సరిచేసిన వాళ్లు దాన్ని మరీ పసుపుగా మార్చేస్తారు. పార్సిల్ విప్పినవాడు ఫొటోలో చూసిన గుడ్డ ఇది కాదంటాడు. నేతగాడి చేతిలో లోపం లేదు, గుడ్డలో లోపం లేదు, మాట మాత్రం వాళ్లే పడాలి. తేలినీలాపురం వెళ్లి ఎర్రకాళ్ల కొంగల తోక దగ్గరి గులాబీ ఈకలు, గూడబాతుల బూడిద రెక్కలు ఫొటో తీసేవాళ్లున్నారు. బుడితి ఇత్తడి సామాను ఫొటోలు తీసి అమ్మేవాళ్లున్నారు. వీళ్లందరికీ రంగే ప్రాణం.

ఇక వెనక లైటు. దీన్ని గురించి చాలా తక్కువ మాట్లాడుకుంటున్నాం. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎల్‌ఈడీలు తెర కింది అంచున ఒక వరసలో ఉంటాయి. ఆ వెలుగును పల్చటి ప్లాస్టిక్ పలక తెరంతా పరుస్తుంది. పలక, దాని మీది పొరలు సరిగా లేకపోతే మధ్యలో ఒక వెలుగు, మూలల్లో ఒక వెలుగు. తెల్ల పేజీ తెరిస్తే ఒక మూల పసుపుగా, ఒక మూల మాసినట్టు కనిపిస్తుంది. మన పెళ్లి ముహూర్తాలు చాలావరకు రాత్రిపూటే. చీకటి నేపథ్యం ఉన్న ఫొటో తెరిస్తే అంచుల్లోంచి వెలుగు కారుతున్నట్టుండే తెరల మీద, నీడలో ఉన్న తాతగారి ముఖం ఎంత వెలిగించాలో ఎడిటర్‌కు తెలియదు. టీఎన్ అనే రకం ప్యానెలైతే ఇంకా కష్టం. మూత కాస్త వంచితే నీడలు నల్లబడతాయి, కాస్త ఎత్తితే వెలిసిపోతాయి. ఐపీఎస్ అనే రకంలో ఆ బాధ లేదు. అయితే చీటీ మీద ఐపీఎస్ అని ఒక్కటే రాసి ఊరుకుంటే కుదరదు, ఎందుకంటే 45 శాతం రంగు చూపే ఐపీఎస్‌లూ బోలెడున్నాయి. మార్కెట్లో నాకు ఎక్కువ కనిపించే మోసపు భరోసా ఇదే.

తెర ఎంత వెలుగు ఇస్తుందో నిట్స్‌లో చెబుతారు. గదిలో కూర్చుని పని చేసుకోవడానికి 250 నిట్స్ చాలు. వీధి గుమ్మం తెరిచి, ఎండ పడే చోట కూర్చునే స్టూడియోలో చాలదు. అక్కడ 300, 400 ఉంటే తేలిక. ఈ అంకె కంపెనీ వివరాల్లో దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

వెలుగు తగ్గించే పద్ధతి మరీ ముఖ్యం. కొన్ని తెరలు వెలుగు తగ్గించమంటే కరెంటు తగ్గించవు, లైటునే సెకనులో వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. దీన్ని పీడబ్ల్యూఎం అంటారు. కంటికి తెలియదు గానీ, ఆ వేగం 200 హెర్ట్జ్, అంటే సెకనుకు 200 సార్లు, లాంటి తక్కువ స్థాయిలో ఉంటే కొందరికి కళ్లు లాగడం, తలనొప్పి వస్తాయి. ఓఎల్‌ఈడీల్లో కూడా ఈ ఆర్పి వెలిగించడం ఎక్కువే. ఎచ్చెర్ల, విజయనగరం హాస్టళ్లలో రూమ్మేట్ నిద్ర చెడకూడదని వెలుగు బాగా తగ్గించుకుని రాత్రి పొద్దుపోయేదాకా చదివే పిల్లలకు ఇది నేరుగా తగులుతుంది. పంట డబ్బులతోనో, అప్పు తెచ్చో ల్యాప్‌టాప్ కొనిచ్చిన తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పేవాళ్లు మీరు తప్ప ఎవరున్నారు?

దీన్ని పరీక్షించడానికి పరికరం కూడా అక్కర్లేదు. వెలుగు పావు వంతుకు తగ్గించి తెల్ల పేజీ తెరవండి. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతుకు పెట్టి తెర వైపు చూపండి. నల్లటి పట్టీలు కనిపిస్తే లైటు ఆరి వెలుగుతున్నట్టే. ఫోన్‌లో ప్రో మోడ్ లేకపోతే తెర ముందు పెన్సిల్ వేగంగా ఊపండి. విడివిడిగా చాలా పెన్సిళ్లు కనిపిస్తే అదే సంగతి, మసకగా ఒకే విసనకర్రలా కనిపిస్తే వెలుగు నిలకడగా ఉన్నట్టు. నిమిషం పట్టదు. కొనేవాళ్ల ఎదుటే చేసి చూపించండి.

రిపేరు చేసే అన్నదమ్ములకు వేరే విన్నపం. తెర పగిలి మీ దగ్గరికి వచ్చిన ల్యాప్‌టాప్‌లో అంతకుముందు ఏ ప్యానెల్ ఉందో ఆ ప్యానెల్ వెనకున్న స్టిక్కర్ మీద ఉంటుంది. ఎల్‌జీ, ఏయూఓ, బీఓఈ, ఇన్నోలక్స్ లాంటి తయారీదారు పేరూ, మోడల్ నంబరూ దాని మీద కనిపిస్తాయి. సైజు సరిపోయి, 30 పిన్ కనెక్టర్ కలిస్తే చాలని దొరికింది బిగించేస్తే, ఎస్‌ఆర్‌జీబీ పూర్తిగా చూపే తెర స్థానంలో 45 శాతం తెర వచ్చి కూర్చుంటుంది. వాడుకునేవాడికి ‘ఒరిజినల్ లాంటిదే’ అన్న మాట మిగులుతుంది. పాత స్టిక్కర్ ఫొటో, కొత్త స్టిక్కర్ ఫొటో రెండూ అతని ఫోన్‌కు పంపండి. చవకది వేయమని అతనే అంటే వేయండి, అది అతని ఇష్టం. తెలిసి ఒప్పుకోవాలి, అంతే.

మీ ఇబ్బందులు నాకు తెలుసు. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే కాగితం మీద ప్యానెల్ వివరం ఉండదు. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల ప్యానెళ్లు వస్తాయి, పోయిన నెల వచ్చిన పెట్టెలో ఉన్నది ఈ నెల పెట్టెలో ఉండకపోవచ్చు. నిజమే. కానీ పెట్టె మీద పూర్తి కాన్ఫిగరేషన్ కోడ్ ఉంటుంది. దాన్ని కంపెనీ సైట్‌లో కొడితే చాలాసార్లు రంగు శాతం, నిట్స్ వస్తాయి. డెమో పీస్ ఆన్ చేసి ఉంటే ఇంకా సులువు. డివైస్ మేనేజర్‌లో మానిటర్ మీద నొక్కి, హార్డ్‌వేర్ ఐడీ చూస్తే ప్యానెల్ తయారీదారు గుర్తు, నంబరు కనిపిస్తాయి. డెమో పీస్ చూపించేటప్పుడు తెరను పసుపు చేసే నైట్ లైట్ సెట్టింగు తీసేయండి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు తెర వెలుగును తనంతట తాను మార్చేసే పవర్ సేవింగ్ సెట్టింగు కూడా ఆపేయండి, లేకపోతే మంచి తెర కూడా చప్పగా కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన మిలమిలలాడే డెమో వీడియో కాకుండా, మన పెళ్లి ఫొటో ఒకటి, తెల్ల పేజీ ఒకటి, నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారే పట్టీ ఒకటి పెట్టండి. ఆ పట్టీ మెట్లు మెట్లుగా విరిగితే అది 6 బిట్ల తెర కావచ్చునని అనుమానించవచ్చు. 6 బిట్లంటే ఒక్కో రంగుకు 64 మెట్లు, 8 బిట్లంటే 256.

“కస్టమర్లు ధర, ప్రాసెసర్ తప్ప ఏమీ అడగరు” అంటారు. చీటీ మీద ఉన్నవే అడుగుతారు కదండీ. ఒకప్పుడు ఎస్‌ఎస్‌డీ గురించి కూడా ఎవరూ అడగలేదు. మీరు రాయడం మొదలుపెట్టాక ఇప్పుడు డిగ్రీ పిల్లలు కూడా అదే ముందు అడుగుతున్నారు. పైగా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, ప్రమాణం తెలుసుకునే హక్కును కొనేవాళ్లకు ఇచ్చింది. చట్టం పేరు చెప్పి మిమ్మల్ని బెదిరించడం నా ఉద్దేశం కాదు. స్టూడియోల వాళ్లు మంచి తెర కావాలంటే విశాఖపట్నం వెళ్లి కొంటున్నారు. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లు దాటి వెళ్లడానికి కారణం అక్కడ ధర తక్కువని కాదు, అక్కడ నాలుగు తెరలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చని. ఆ గిరాకీ మన ఊళ్లో మిగలాలని నాకూ ఉంది.

కాబట్టి చీటీ మీద ఈ ఒక్క వరస చేర్చండి: ‘స్క్రీన్: ఐపీఎస్, ఎన్‌టీఎస్‌సీ 45 శాతం, 250 నిట్స్, తక్కువ వెలుగులో మినుకు లేదు.’ ఆ మెషిన్‌కు ఏది నిజమైతే అది. 45 శాతం అని రాస్తే అమ్ముడుపోదని భయం వద్దు. బ్యాంకు పనికి, లెక్కలకు, టైపింగ్‌కు, కోడింగ్‌కు అది చక్కగా సరిపోతుంది, తక్కువ ధరకు వస్తుంది. ఫొటో పని చేసేవాడికి మాత్రం అది వద్దని ముందే తెలిసిపోతుంది. వెలుగు మినుకు గురించి కంపెనీ చెప్పకపోతే మీరే ఫోన్‌తో చూసి రాయండి.

రెండు జిల్లాల ఫొటోగ్రాఫర్ల సంఘాల పెద్దలు కూడా ఇది చదువుతారనుకుంటున్నాను. ఒక్కో స్టూడియో విడిగా కెలిబ్రేటర్ కొనలేదు. సంఘం తరఫున ఒకటి కొని, నెలకోసారి అందరి తెరలూ కొలిపించేలా చూడండి. ఆ కొలతలు ఒకచోట రాసి పెడితే, ఏ మోడల్‌లో ఏ ప్యానెల్ వచ్చిందో దుకాణాలకూ తెలుస్తుంది, కొనబోయే వాళ్లకూ తెలుస్తుంది.

మొదలుపెట్టడానికి ఏ దుకాణం ముందుకొచ్చినా నా కెలిబ్రేటర్, పరీక్ష బొమ్మలున్న పెన్‌డ్రైవ్ తీసుకుని వస్తాను. రూపాయి అక్కర్లేదు. మీ దగ్గరున్న డెమో పీసులన్నీ కొలిచి, అంకెలు చీటీల మీద రాసి ఇస్తాను. గిరాకీ తక్కువుండే మధ్యాహ్నం వేళ చెబితే వీలుగా ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపు అయితే స్టూడియోల వాళ్లకు అక్కరకొస్తుంది.

ఇట్లు,
ఆల్బమ్ డిజైనర్,
శ్రీకాకుళం